హై-ఎండ్ హెడ్‌ఫోన్లు, ఇయర్‌ఫోన్ల పరీక్ష, సమీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే ఇయర్‌ఫోన్ గురించి ఒకరు "బాస్ అదిరింది" అంటారు, ఇంకొకరు "బాసే లేదు" అంటారు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ విన్నదే చెప్పి ఉండొచ్చు. ముందు అనుమానించాల్సింది సీల్‌ని. టిప్‌కీ (చెవిలో దూర్చే రబ్బరు లేదా ఫోమ్ తొడుగు) చెవి కాలువకీ మధ్య సన్నటి సందు మిగిలినా చాలు, 100 హెర్ట్జ్ కింద శబ్దం 10 డెసిబెల్స్ దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే జారిపోతుంది. క్లోజ్డ్-బ్యాక్ (వెనక మూసి ఉన్న) హెడ్‌ఫోన్లలో కళ్లజోడు కాడ, ఒత్తైన జుట్టు, చెవి కింద దవడ దగ్గర పల్లం ఇదే పని చేస్తాయి.

తర్వాత చూడాల్సింది ఎంత వాల్యూమ్‌లో విన్నారన్నది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బాస్ మిగతావాటికంటే వేగంగా తగ్గిపోతుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని వక్రరేఖలుగా గీసి చూపించారు. ఇప్పుడు ఐఎస్ఓ 226 ప్రమాణంలో ఉన్నవి ఆ పనికి కొనసాగింపే. 65 డెసిబెల్స్‌లో విన్నవాడికి పలచగా అనిపించింది 85లో విన్నవాడికి నిండుగా అనిపిస్తుంది.

అందుకే ఏ సమీక్షలోనైనా "బాగుంది, బాగాలేదు" కంటే ముందు వెతకాల్సినవి వేరే ఉన్నాయి. ఏ టిప్ వాడారు, ఏ సైజు, దేనికి తగిలించి విన్నారు, దేనితో పోల్చారు, వాల్యూమ్ సమం చేశారా? ఇవి లేని సమీక్షలో పొగడ్తకీ తెగడ్తకీ ఒకే విలువ.

సీల్ సరిగ్గా కుదిరిందని ఎలా తెలుస్తుంది?

తక్కువ వాల్యూమ్‌లో 40 హెర్ట్జ్ టోన్ పెట్టండి. ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు ఆ గుర్రుమనే శబ్దం పెరిగితే సీల్ కారుతోందన్నమాట. నొక్కినా నొక్కకపోయినా ఒకేలా ఉంటే కుదిరింది. టోన్ లేకపోతే నాలుగడుగులు వేసి చూడండి. సీల్ పడ్డ చెవిలో మన అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు లోపలి నుంచి దబదబమని వినిపిస్తాయి.

పెట్టుకునేటప్పుడు రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగితే కాలువ నిటారవుతుంది. అప్పుడు టిప్‌ని కొద్దిగా తిప్పుతూ లోపలికి పోనివ్వాలి. కుడి చెవికీ ఎడమ చెవికీ వేర్వేరు సైజులు పట్టడం మామూలే, రెండూ ఒకటే ఉండాలని పట్టుబట్టకండి. ఫోమ్ టిప్‌ని వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, పెట్టాక 20–30 సెకన్లు అలాగే పట్టుకోవాలి. వాడగా వాడగా ఫోమ్‌లో ఆ తిరిగి ఉబ్బే గుణం పోతుంది. అలాంటి పాత టిప్‌తో చేసిన సమీక్ష కొత్త టిప్‌కి వర్తించదు.

టిప్ రంధ్రం వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. సన్న రంధ్రం సాధారణంగా పై ట్రెబుల్‌ని (సన్నటి, హెచ్చు శబ్దాలని) కాస్త అణుస్తుంది, వెడల్పుది తెరుస్తుంది. పెట్టెలో వచ్చిన టిప్‌లతో ముందు విని, తర్వాతే వేరేవి మార్చి, ఆ మార్పుని విడిగా రాయడం పద్ధతి.

రెండు వస్తువులను పోల్చేటప్పుడు వాల్యూమ్ ఎలా సమం చేయాలి?

సమీక్షల్లో ఎక్కువగా ఎగ్గొట్టే మెట్టు ఇదే, అన్నిటికన్నా అవసరమైనదీ ఇదే. అర డెసిబెల్ తేడా మనకి "ఎక్కువ శబ్దం"గా తెలియదు. "ఇందులో గొంతు ఇంకా స్పష్టంగా ఉంది, వేదిక విశాలంగా ఉంది" అని తెలుస్తుంది. యాంప్‌ల (సిగ్నల్‌ని పెంచే పరికరాలు) మధ్య, డాంగిల్‌ల (ఫోన్‌కి తగిలించే చిన్న అడాప్టర్లు) మధ్య చెప్పే తేడాల్లో చాలా మటుకు ఇక్కడే పుట్టాయి.

యాంప్‌లు, డాక్‌లు (డిజిటల్ ఫైల్‌ని శబ్ద సిగ్నల్‌గా మార్చేవి), డాంగిల్‌లు పోల్చేటప్పుడు పని తేలిక. మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంటే సరిపోతుంది. 120 హెర్ట్జ్ సైన్ టోన్ ప్లే చేయండి. 50 హెర్ట్జ్ వద్దు, కరెంటు లైను హమ్‌తో కలిసిపోతుంది. 1 కిలోహెర్ట్జ్ కూడా వద్దు, చవక మీటర్లు చాలావరకు కొన్ని వందల హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి. హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే, స్ప్లిటర్ కేబుల్ మీద ఏసీ వోల్టేజ్ కొలవాలి. లోడ్ లేకుండా కొలిస్తే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (పరికరం లోపలి విద్యుత్ నిరోధం) ప్రభావం లెక్కలోకి రాదు. మొదటిదానిలో 0.300 వోల్ట్ వస్తే రెండోదాన్ని 0.297–0.303 మధ్యకి తేవాలి. అంటే 0.1 డెసిబెల్ లోపు. వాల్యూమ్ మెట్లు పెద్దవైతే అంత దగ్గరికి రాదు. అప్పుడు ప్లేయర్‌లోని ప్రీయాంప్ (ముందస్తు స్థాయి) అమరికలో దశాంశాల్లో తగ్గించుకోవాలి.

రెండు వేర్వేరు హెడ్‌ఫోన్ల మధ్య ఇంత కచ్చితత్వం రాదు, ఎందుకంటే వాటి ఫ్రీక్వెన్సీ తీరే వేరు. ఒక్క 1 కిలోహెర్ట్జ్ దగ్గర సమం చేస్తే, అక్కడ గొయ్యి ఉన్న హెడ్‌ఫోన్ మిగతా అంతటా బిగ్గరగా పలుకుతుంది. 500 నుంచి 2000 హెర్ట్జ్ వరకు మాత్రమే ఉన్న పింక్ నాయిస్ (వానలాంటి హోరు) తయారు చేసుకుని, కొలిచే సాధనం ఉంటే దానితో, లేకపోతే చెవితో సమం చేయండి. తర్వాత ఒక గొంతు పాట పెట్టి ఒక డెసిబెల్ అటూ ఇటూ జరిపి, అప్పటికీ అదే అభిప్రాయం నిలుస్తుందా చూడండి. నిలవకపోతే దాన్ని రాయకండి.

బ్లైండ్ టెస్ట్ (ఏది మోగుతోందో తెలియకుండా వినడం) తప్పనిసరా?

హెడ్‌ఫోన్లకు ఆచరణలో కుదరదు. బరువు, ప్యాడ్ స్పర్శ తలకి తెలిసిపోతాయి. ఫైల్ ఫార్మాట్లు, డాక్‌లు, కేబుళ్ల విషయంలో మాత్రం తేడా ఉందని గట్టిగా చెప్పాలంటే చేసి తీరాలి. విండోస్‌లో ఫూబార్2000 ప్లేయర్‌కి ఏబీఎక్స్ కంపారేటర్ (వింటున్నది ఏ ఫైలో చూపకుండా అడిగేది) చేర్చుకుంటే ఫైళ్ల పరీక్ష ఇంట్లోనే అయిపోతుంది. 16 సార్లలో 12 సరిగ్గా చెబితే, అది ఊరికే ఊహించి కొట్టే అవకాశం 4 శాతం కన్నా తక్కువ. 16లో 10 వస్తే ఏమీ తేలనట్టే. ఎన్నిసార్లు చేయాలో ముందే నిర్ణయించుకోండి. బాగా వచ్చిన చోట ఆపేస్తే ఆ లెక్క చెల్లదు.

గ్రాఫ్ చూసి కొనేయొచ్చా?

అడ్డమైనవి వడకట్టడానికి గ్రాఫ్‌ని మించింది లేదు. చివరి నిర్ణయానికి అదొక్కటే చాలదు.

ముందు నిలువు గీత మీద స్కేల్ చూడండి. 100 డెసిబెల్స్ పరిధిలో గీసిన గ్రాఫ్‌లో ఏ హెడ్‌ఫోన్ అయినా చదునుగానే కనిపిస్తుంది. 40–50 పరిధి అయితే న్యాయం. స్మూతింగ్ (గీతని నునుపు చేయడం) ఎంతో చూడండి. మూడోవంతు ఆక్టేవ్ స్మూతింగ్ చేస్తే 6 కిలోహెర్ట్జ్ దగ్గర గుచ్చుకునే సన్నటి శిఖరం మాయమైపోతుంది. తర్వాత ఏ సాధనం మీద కొలిచారన్నది. ఇయర్‌ఫోన్లకు ఎక్కువమంది వాడేది ఐఈసీ 60318-4 కప్లర్ (చెవి కాలువని అనుకరించే కొలత గొట్టం), వాడుకలో "711 కప్లర్". అందులో ఇయర్‌ఫోన్ ఎంత లోతుగా దిగిందన్నదాన్ని బట్టి ఒక ప్రతిధ్వని శిఖరం కదులుతుంది. దాన్ని 8 కిలోహెర్ట్జ్ దగ్గరికి తెచ్చి కొలవడం ఆనవాయితీ. కాబట్టి గ్రాఫ్‌లో 8 దగ్గర కనిపించే ఆ కొమ్ము మీ చెవిలో 7 దగ్గర ఉండొచ్చు, 9 దగ్గర ఉండొచ్చు. అక్కడ శిఖరం ఉంది కాబట్టి "స, ష" గుచ్చుకుంటాయని తీర్పు చెప్పడం తొందరపాటు. ఈ కప్లర్ ప్రమాణమే 10 కిలోహెర్ట్జ్ వరకు. ఆపైన గీతని నమ్ముకుని ఏ మాటా అనకూడదు.

బ్రూయెల్ అండ్ కెయర్ 5128 అనే కొత్త తల నమూనా మనిషి చెవికి ఇంకా దగ్గరగా కొలుస్తుంది. కానీ దాని గ్రాఫ్‌ని 711 గ్రాఫ్ మీద పెట్టి పోల్చకూడదు. రెండూ శబ్దానికి ఇచ్చే నిరోధం వేరు, టార్గెట్ (ఆదర్శంగా అనుకునే) గీతలూ వేరు.

హార్మన్ టార్గెట్ అంటే ఏమిటి? దానికి దగ్గరగా ఉంటే మంచిదేనా?

హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ బృందం శ్రోతలను కూర్చోబెట్టి, వాళ్లకి ఏ తీరు నచ్చుతుందో పరీక్షించి తీసిన వక్రరేఖ అది. ఓవర్-ఇయర్‌కి 2013 నుంచి 2018 దాకా, ఇన్-ఇయర్‌కి 2019 దాకా దాన్ని సవరిస్తూ వచ్చారు. 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెద్ద గుట్ట కనిపించి చాలామంది భయపడతారు. అది మన చెవి డొప్ప, కాలువ సహజంగా పెంచే భాగమే. ఎదురుగా స్పీకర్ మోగినా కర్ణభేరి దగ్గర ఆ గుట్ట ఉంటుంది. అది లేని ఇయర్‌ఫోన్‌లో గొంతు దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది.

అయితే అది సగటు ఇష్టం. అదే పరిశోధనలో బాస్ ఇంకా ఎక్కువ కోరేవాళ్లు, తక్కువ కోరేవాళ్లు విడి వర్గాలుగా తేలారు. మా అభిప్రాయంలో 2019 ఇన్-ఇయర్ గీత కర్ణాటక సంగీతానికి కాస్త సన్నబడుతుంది. 200 హెర్ట్జ్ పరిసరాల్లో పల్లం వల్ల వీణ బుర్రలోంచి వచ్చే నిండుదనం తగ్గి, తీగ చప్పుడు ముందుకొస్తుంది. ఎక్కువగా వీణ, మగ గొంతు వినేవాళ్లు ఆ పల్లం లోతు తక్కువ ఉన్నవి చూసుకోవడం మేలు.

ఇంట్లో కొలవాలంటే ఏం కావాలి?

711 తరహా కప్లర్ నకలు ఒకటి, మైక్‌కి పవర్ ఇవ్వగల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్. 20 నుంచి 20,000 హెర్ట్జ్ స్వీప్ (కింది నుంచి పైకి జారే టోన్), 256కే పొడవు. ఫ్యాన్, ఏసీ ఆపేయండి. కప్లర్‌ని టేబుల్ మీద నేరుగా కాకుండా మడిచిన టవల్ మీద పెట్టండి, లేకపోతే అడుగు చప్పుళ్లు 50 హెర్ట్జ్ కింద గీతని వంకర చేస్తాయి. ప్రతి పక్కా కనీసం ఐదుసార్లు తీసి పెట్టి కొలిచి సగటు తీయండి. ఐదు గీతలూ బాస్‌లో విడివిడిగా పోతుంటే అది ఇయర్‌ఫోన్ గుణం కాదు, మీ సీల్ లోపం.

నకలు కప్లర్ తీసుకున్నవారు ఇప్పటికే చాలామంది కొలిచి పెట్టిన ఇయర్‌ఫోన్ ఒకటి ముందు కొలిచి, ఎంత తేడా వస్తోందో రాసి పెట్టుకోవాలి. ఓవర్-ఇయర్ హెడ్‌ఫోన్లకు చెవి డొప్ప నమూనా లేని చదును పలక మీద కొలత వేస్తే 1 కిలోహెర్ట్జ్ పైన అది మీ చెవికి సంబంధం లేని బొమ్మ.

ఏ పాటలతో పరీక్షించాలి?

మీకు కంఠతా వచ్చినవాటితో. "ఆడియోఫైల్" జాబితాలు పట్టుకుని తెలియని జాజ్ వినడం వల్ల ఏమీ తేలదు. మన సంగీతంలోనే పరీక్షకు పనికొచ్చేవి బోలెడు.

ఘంటసాల కాలం నాటి మోనో రికార్డింగ్‌తో మొదలుపెట్టండి. మోనో కాబట్టి రెండు పక్కలా ఒకటే సిగ్నల్. గొంతు సరిగ్గా నుదుటి మధ్యన నిలబడాలి. పల్లవి మధ్యలో ఉండి, పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు ఎడమకో కుడికో జరిగితే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర రెండు డ్రైవర్లూ (శబ్దం పుట్టించే భాగాలు) సరిపోలడం లేదు. ఇయర్‌ఫోన్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి మళ్లీ వినండి. జరగడం కూడా పక్క మారితే తప్పు ఇయర్‌ఫోన్‌ది, మారకపోతే మీ చెవిదో సీల్‌దో. ఖరీదైన కొలత సాధనం లేకుండా ఛానెల్ సరిపోలికను పట్టుకునే మార్గం ఇంతకన్నా మంచిది లేదు.

మృదంగం తని ఆవర్తనం, మిడ్-బాస్ కింది బాస్ నుంచి ఎలా వేరుపడుతుందో చెబుతుంది. ఎడమవైపు తొప్పి మీద గుంకి మోగి సాగినప్పుడు, కుడివైపు చాపు మొన దానిలో మునిగిపోకూడదు. మునిగితే 100–250 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు ఉంది. తంబురా శ్రుతి ఒక్కటే రెండు నిమిషాలు వింటే ట్రెబుల్‌లో సన్నటి శిఖరాలు బయటపడతాయి, ఎందుకంటే దాని హార్మోనిక్స్ ఆగకుండా నిలబడి ఉంటాయి. ఏదో ఒకటి మాత్రం ఈలలా పైకి లేస్తే అక్కడే కొమ్ము ఉన్నట్టు. నాదస్వరం 2–5 కిలోహెర్ట్జ్ దగ్గర అతి చేసేవాటిని వెంటనే పట్టిస్తుంది. "చ, స, ష" ఎక్కువున్న ఆడ గొంతు సిబిలెన్స్‌కి (ఆ అక్షరాలు గుచ్చుకోవడానికి) పరీక్ష.

వీటిలో ఏదీ 40 హెర్ట్జ్ కింద ఏమీ చెప్పదు. దానికి సింథ్ బాస్ ఉన్న కొత్త సినిమా పాట ఒకటి, లేదా నేరుగా 20–60 హెర్ట్జ్ స్వీప్.

నా హెడ్‌ఫోన్‌కి యాంప్ కావాలా?

లెక్క వేసి చూడండి, ఊహ అక్కర్లేదు. సంగీతంలో శిఖరాలకు 110 డెసిబెల్స్ అందితే ఎవరికైనా చాలు. సెన్సిటివిటీ (ఇంత విద్యుత్తుకి ఎంత శబ్దం వస్తుందన్నది) ఒక్కో కంపెనీ ఒక్కోలా ఇస్తుంది. కొన్ని మిల్లీవాట్‌కి, కొన్ని వోల్ట్‌కి. మిల్లీవాట్‌కి ఇచ్చినదాన్ని వోల్ట్‌లోకి మార్చాలంటే 16 ఓమ్‌లకు 18, 32 ఓమ్‌లకు 15, 50 ఓమ్‌లకు 13, 300 ఓమ్‌లకు 5 డెసిబెల్స్ కలపాలి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 650 తీసుకోండి. 300 ఓమ్‌లు, ఒక వోల్ట్‌కి 103 డెసిబెల్స్. 110 రావాలంటే 2.2 వోల్ట్‌లు, పవర్ 17 మిల్లీవాట్‌లే. ఒక వోల్ట్ ఇచ్చే చిన్న డాంగిల్‌తో 103 దాకా వస్తుంది. కంప్రెస్ చేసిన సినిమా పాటలకు అది చాలు, తక్కువ స్థాయిలో రికార్డు చేసిన కచేరీలకు కొంచెం వెలితి. ఇక హైఫైమాన్ హెచ్‌ఈ6 చూడండి. 50 ఓమ్‌లే కానీ మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్స్. 110కి 4.7 వోల్ట్‌లు, దగ్గర దగ్గర 450 మిల్లీవాట్‌లు కావాలి. ఏ ఫోన్ డాంగిలూ ఇది మోయలేదు. ఓమ్‌లు ఎక్కువ ఉంటేనే తోలడం కష్టం అన్న మాట ఎంత తప్పో ఈ రెండిటితోనే తెలుస్తుంది.

కావాల్సిన వోల్ట్‌లు అందాక, ఇంకా పెద్ద యాంప్ పెడితే బాస్ "బిగుసుకుంటుంది" అన్నది వాల్యూమ్ సమం చేశాక నిలబడే మాట కాదు.

అవుట్‌పుట్ ఇంపిడెన్స్ గురించి ఎందుకంత పట్టింపు?

మల్టీ-బీఏ ఇయర్‌ఫోన్లలో (బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే చిన్న డ్రైవర్లు ఒకటికి మించి ఉన్నవి) ఇంపిడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి పైకీ కిందికీ ఊగుతుంది. ఒకచోట 8 ఓమ్‌లు, ఇంకోచోట 40 ఓమ్‌లు ఉందనుకోండి. 10 ఓమ్‌ల అవుట్‌పుట్ ఉన్న పరికరానికి తగిలిస్తే ఆ రెండు చోట్ల మధ్య 5 డెసిబెల్స్ తేడా కొత్తగా పుడుతుంది. అది వేరే ఇయర్‌ఫోన్ కిందే లెక్క. ఒక ఓమ్ ఉన్నదానికి తగిలిస్తే తేడా 0.8కి దిగుతుంది. ఇయర్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కన్నా పరికరం ఇంపిడెన్స్ తక్కువ ఉండాలన్న సూత్రం ఇందుకే. ప్లానార్ హెడ్‌ఫోన్లకు (చదునైన పొర కదిలేవి) ఇంపిడెన్స్ దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి వాటికి ఈ బెడద లేదు.

ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ నిజంగా మంచిదేనా? నా ఆండ్రాయిడ్‌లో శబ్దమే రావట్లేదు.

మంచిదే. శబ్దం శుభ్రంగా ఉంటుంది, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఒక ఓమ్ దగ్గర. యూరప్ మోడల్ అర వోల్టే ఇస్తుంది, మిగతావి ఒక వోల్ట్. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో మాత్రం డాంగిల్ లోపలి వాల్యూమ్‌ని ఫోన్ పూర్తిగా పైకి తేలేదు, సగంలోనే ఆగుతుంది. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్ తన సొంత సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌తో దాన్ని పూర్తిగా తెరుస్తుంది. కానీ అది ఆ యాప్‌లో వినే పాటలకే. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు వేరే డాంగిల్ తీసుకోవడమే సుఖం.

పాట లేనప్పుడు సుయ్‌మని శబ్దం వస్తోంది. ఇయర్‌ఫోన్ పాడైందా?

కాదు, పరికరం నాయిస్‌ని సున్నితమైన ఇయర్‌ఫోన్ బయటపెడుతోంది. 16 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 110 డెసిబెల్స్ ఉన్న ఇయర్‌ఫోన్ ఒక వోల్ట్‌కి 128 ఇస్తుంది. పరికరం నాయిస్ 10 మైక్రోవోల్ట్‌లైతే అది చెవిలో 28 డెసిబెల్స్. రాత్రిపూట నిశ్శబ్దంలో ఖాయంగా వినిపిస్తుంది. 2 మైక్రోవోల్ట్‌లైతే 14కి దిగి దాదాపు తెలియదు. పెద్ద యాంప్‌లతో ఈ తంటా ఎక్కువ. యాంప్ సమీక్షించేవారు గెయిన్ లోలో, హైలో విడివిడిగా, ఏ ఇయర్‌ఫోన్‌తో విన్నారో చెప్పాలి.

ప్రత్యేకంగా మ్యూజిక్ ప్లేయర్ కొనాలా?

శబ్ద నాణ్యత కోసమే అయితే అక్కర్లేదు. ఫోన్ బ్యాటరీ ఖర్చు కాకూడదు, మెమరీ కార్డులో సొంత సంగ్రహం పెట్టుకోవాలి, వినేటప్పుడు ఫోన్ కాల్స్ రాకూడదు అనుకుంటే కొనండి. కొనేముందు ఆండ్రాయిడ్ వెర్షన్, ర్యామ్ చూసుకోండి. డాక్ చిప్ పదేళ్లు పనిచేస్తుంది, లోపలి ప్రాసెసర్ మూడేళ్లకే స్ట్రీమింగ్ యాప్‌లు తెరవలేక నీలుగుతుంది. బ్యాటరీ మార్చే సౌకర్యం మన దగ్గర ఉందో లేదో విక్రేతని లిఖితంగా అడగండి.

4.4 మిల్లీమీటర్ బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో (రెండు చెవులకీ ఉమ్మడి తీగ లేనిది) శబ్దం మెరుగ్గా ఉంటుందా?

ఎక్కువ పరికరాల్లో బ్యాలెన్స్‌డ్ సాకెట్ రెట్టింపు వోల్టేజ్ ఇస్తుంది, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. "మెరుగు" చాలావరకు అదే. పవర్ చాలని ప్లానార్‌కి అది నిజమైన ఉపయోగం. సున్నితమైన ఇయర్‌ఫోన్‌కి నాయిస్ పెరగొచ్చు కూడా. సాకెట్‌గా మాత్రం 4.4 మిల్లీమీటర్ గట్టిది. పాత 2.5 మిల్లీమీటర్ ప్లగ్ సన్నం కాబట్టి వంగి, విరిగి, ముక్క సాకెట్‌లోనే ఉండిపోతుంది.

కేబుల్ మారిస్తే?

వినిపించే తేడా ఒక్కచోటే వస్తుంది. తక్కువ ఇంపిడెన్స్ మల్టీ-బీఏ ఇయర్‌ఫోన్‌కి, రెసిస్టెన్స్ ఎక్కువున్న కేబుల్ వేసినప్పుడు. కారణం పైన చెప్పిన అవుట్‌పుట్ ఇంపిడెన్స్ లెక్కే. మిగతాదంతా మెత్తదనం, బరువు, చొక్కాకి రాసుకుంటే వచ్చే గరగర. వీటికోసం డబ్బు పెట్టడం తప్పేమీ కాదు.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. 0.78 టూ-పిన్ ప్లగ్ చాలా ఇయర్‌ఫోన్లలో తిరగేసినా దూరుతుంది. ఒక పక్క మాత్రమే తిరగబడితే రెండు డ్రైవర్లూ ఎదురు ఫేజ్‌లో (ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి) కదులుతాయి. బాస్ ఉన్నట్టుండి మాయమవుతుంది, గొంతు మధ్యలో నిలబడకుండా తల చుట్టూ పరుచుకున్నట్టు ఉంటుంది. దాన్ని "విశాలమైన వేదిక" అని రాసిన సమీక్షలు ఉన్నాయి. మోనో పాట పెడితే పది సెకన్లలో తేలిపోతుంది. గుండ్రటి ఎంఎంసీఎక్స్ ప్లగ్‌లో ఈ సమస్య రాదు. కానీ పదేపదే తీసి పెడితే వదులై, తల తిప్పినప్పుడల్లా శబ్దం తెగుతుంది.

బర్న్-ఇన్ (కొత్తదాన్ని మోగించి పదును పెట్టడం) కోసం వంద గంటలు మోగించాలా?

వద్దు. కొలతల్లో కనిపించే మార్పు, హెడ్‌ఫోన్‌ని తీసి మళ్లీ పెట్టుకుంటే వచ్చే మార్పు కన్నా చిన్నది. నిజంగా మారేవి రెండు. ఒకటి ప్యాడ్‌లు మెత్తబడి చెవికి డ్రైవర్ దగ్గరవడం, రెండోది మీ చెవి అలవాటు పడటం. అలవాటుని కొట్టిపారేయకూడదు. వారం వాడి, మళ్లీ మీ పాత హెడ్‌ఫోన్‌కి వెళ్లి, తిరిగి వచ్చి రాయండి. మొదటి రోజు "తళతళ" అనిపించిన ట్రెబుల్ వారానికి తలనొప్పి కావడం ఎంత సహజమో, "చప్పగా" అనిపించింది ఇష్టమవడమూ అంతే సహజం.

హై-రెస్ ఫైళ్లు, ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) తప్పనిసరా?

16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్ 22 కిలోహెర్ట్జ్ దాకా మోస్తుంది. పెద్దవాళ్లలో చాలామందికి 16–17 పైన వినపడదు. అసలు తేడా మాస్టరింగ్‌లో ఉంటుంది. ఒకే పాట పాత సీడీలో ఊపిరి పీల్చుకుంటూ, రీమాస్టర్‌లో అణగదొక్కినట్టు ఉండొచ్చు.

బ్లూటూత్‌లో ఎల్‌డాక్ 330, 660, 990 కిలోబిట్‌ల మూడు అంచెల్లో పనిచేస్తుంది. ఫోన్‌ని "ఆటో"లో వదిలేస్తే రైల్వే స్టేషన్‌లో, ఆఫీసులో 330కి పడిపోవడం మామూలే. ఐఫోన్ ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప వేరేవి పంపదు, కాబట్టి ఐఫోన్ ఉన్నవాళ్లు ఎల్‌డాక్ ముద్ర చూసి అదనంగా కట్టక్కర్లేదు.

ఏఎన్‌సీ (బయటి చప్పుడుని రద్దు చేసే సౌకర్యం) ఉన్న వైర్‌లెస్‌వి ఎలా సమీక్షించాలి?

ఏఎన్‌సీ ఆన్, ఆఫ్, ట్రాన్స్‌పరెన్సీ (బయటి చప్పుడు లోపలికి వదిలేది) మూడింట్లోనూ శబ్దం వేరుగా ఉండొచ్చు, మూడూ విడిగా వినండి. ఏఎన్‌సీ బలం సుమారు 1 కిలోహెర్ట్జ్ కిందే. బస్సు ఇంజన్, ఏసీ హోరు తగ్గుతాయి. పక్కవాళ్ల మాటలు, ప్రెషర్ కుక్కర్ విజిల్ ఆపేది టిప్ సీలే. బైక్ వెనక కూర్చుని గాలి చప్పుడు కూడా చూడండి. మైకుల్లోకి గాలి కొడితే కొన్ని భరించలేనంత గరగరలాడతాయి. ఫర్మ్‌వేర్ వెర్షన్ రాయడం మరవకండి, అప్‌డేట్ తర్వాత శబ్దం తీరే మారిపోయిన సందర్భాలున్నాయి.

సౌండ్‌స్టేజ్ (శబ్దం పరుచుకున్నట్టు తోచే వేదిక) ఎక్కువ కావాలి. ఇయర్‌ఫోన్లలో దొరుకుతుందా?

ఓపెన్-బ్యాక్ (వెనక తెరిచి ఉన్న) హెడ్‌ఫోన్ స్థాయిలో దొరకదు. చెవి డొప్పని దాటేసి నేరుగా కాలువలో మోగేది, ఎదుటి దూరం తోపించలేదు. 2009లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఈ విషయంలో ఇప్పటికీ కొలమానమే. దాని 6 కిలోహెర్ట్జ్ శిఖరం చాలామందిని బాధపెట్టింది, తర్వాత వచ్చిన 800 ఎస్‌లో దాన్ని తగ్గించారు. ఇయర్‌ఫోన్ సమీక్షలో "పెద్ద వేదిక" అని కనబడితే, ఎగువ మిడ్స్ తగ్గించి గొంతుని వెనక్కి నెట్టారేమో గ్రాఫ్‌లో చూడండి.

ఈక్వలైజర్ వాడటం తప్పా?

అసలు కాదు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉచితంగా దొరుకుతాయి. ఓపెన్-బ్యాక్‌లో బాస్ చాలకపోతే 105 హెర్ట్జ్ దగ్గర లో-షెల్ఫ్ (ఆ కింది శబ్దాలన్నీ పెంచే ఫిల్టర్), క్యూ (వాలు) 0.7, ముందు 3 డెసిబెల్స్ పెంచి చూడండి. ఎంత పెంచారో అంత ప్రీయాంప్‌ని మైనస్‌లోకి దించాలి. లేకపోతే డిజిటల్‌గా క్లిప్ అయి పగిలినట్టు వినిపిస్తుంది, నింద హెడ్‌ఫోన్ మీదికి పోతుంది. 8 కిలోహెర్ట్జ్ పైన గ్రాఫ్ చూసి సన్నటి ఫిల్టర్లు పెట్టొద్దు, ఆ శిఖరం మీ చెవిలో అక్కడే ఉందని హామీ లేదు. సైన్ స్వీప్ మెల్లగా నడిపి, మీకు ఎక్కడ లేస్తోందో అక్కడే తగ్గించండి.

ఎంత వాల్యూమ్ సురక్షితం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) కలిసి ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగం. 89కి వచ్చేసరికి వారానికి 5 గంటలే. పిల్లలకు 75 డెసిబెల్స్. మల్టీమీటర్ ఉన్నవాళ్లు మీరు రోజూ వినే వాల్యూమ్‌లో ఫుల్-స్కేల్ (డిజిటల్‌గా సాధ్యమైనంత బిగ్గర) 120 హెర్ట్జ్ టోన్ కొలవండి, హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకోకుండా. హెచ్‌డీ 650 మీద 0.3 వోల్ట్ వస్తే శిఖరాలు 92–93 దగ్గర, సగటు పాట దానికి 10–15 కింద. హాయిగా వినొచ్చు. సమీక్ష కోసం గంటల తరబడి వినేవాళ్లకే ఈ లెక్క ఎక్కువ అవసరం.

సమీక్షకుడికి కంపెనీ ఉచితంగా ఇచ్చిందా లేదా ఎలా తెలుస్తుంది?

ఆయనే చెప్పాలి. మన దేశంలో 2022 నాటి తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనలు, ఉచిత వస్తువు, డిస్కౌంట్, కమిషన్ అన్నిటినీ స్పష్టంగా వెల్లడించాలంటాయి. అమ్మకపు సైట్లలో వినియోగదారుల రివ్యూలకు ఐఎస్ 19000:2022 ప్రమాణం ఉంది. లింకు కింద కమిషన్ ఉండటం నేరం కాదు, దాచడం తప్పు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ సమీక్షకుడు గత ఏడాదిలో ఏదైనా వస్తువుని "కొనొద్దు" అన్నాడా చూడండి.

ఒక పక్క శబ్దం తగ్గింది. బాగు చేసుకోగలమా?

పదిలో ఎక్కువసార్లు నాజిల్ (టిప్ తొడిగే గొట్టం) జాలీలో గులిమి. టిప్ తీసి, నాజిల్ నేలవైపు ఉండేలా పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి. పైకి పెట్టి దులిపితే చెత్త లోపలికి పోతుంది. నోటితో ఊదొద్దు, తేమ చేరుతుంది. స్పిరిట్ నేరుగా జాలీ మీద వేయొద్దు, దాన్ని అతికించిన జిగురు ఊడుతుంది.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో ఇంకో కారణం ఉంటుంది. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వెళ్లగానే చల్లటి నాజిల్ మీద నీటి పొర కట్టి సన్నటి డ్యాంపర్‌ని (శబ్దాన్ని అదుపు చేసే వడపోత) మూసేస్తుంది. సిలికా జెల్ పొట్లాంతో గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది. పొట్లాన్ని అప్పుడప్పుడూ మార్చాలి. స్టాక్స్ తరహా ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు (స్థిర విద్యుత్తుతో పొర కదిలేవి) 580 వోల్ట్‌ల బయాస్ (ఎప్పుడూ నిలిపి ఉంచే వోల్టేజ్) ఉంటుంది కాబట్టి తేమ, దుమ్ము వాటికి మరీ పడవు. వాడనప్పుడు మూత కప్పే ఉంచాలి.

ప్యాడ్‌లు ఎప్పుడు మార్చాలి? వేరే కంపెనీవి వేయొచ్చా?

రోజూ వాడితే ఏడాది, ఏడాదిన్నర. సింథటిక్ లెదర్ మన ఎండకి, చెమటకి ఇంకా ముందే పొరలుగా రాలుతుంది. చెవి లోపలి గుడ్డకి తగులుతోందంటే ఆలస్యమైనట్టే. నొక్కుకుపోయిన ప్యాడ్ శబ్దం తీరునే మారుస్తుంది. అందుకే సెకండ్‌హ్యాండ్ హెడ్‌ఫోన్‌ని పాత ప్యాడ్‌లతో విని తీర్పు చెప్పకూడదు. వేరే కంపెనీ ప్యాడ్ మందం, లోపలి రంధ్రం, పదార్థం ఏది మారినా గ్రాఫ్ మారుతుంది, కొన్ని డెసిబెల్స్ తేడా కూడా వస్తుంది. అసలువి దొరికినంత కాలం అసలువే వేయండి. దొరకకపోతే, వేసిన ప్యాడ్ పేరు సమీక్షలో హెడ్‌ఫోన్ పేరు పక్కనే రాయండి.